పదిహేడో నంబరు పళ్ళెం

ఆ రోజుల్లో నాకు ప్రభుత్వం మీద ఎంత నమ్మకమంటే, వెబ్‌సైట్‌లో ‘ఆరోగ్య పరిశోధనలకు దరఖాస్తులు ఆహ్వానిస్తున్నాం’ అని కనబడితే నన్నే పేరు పెట్టి పిలుస్తున్నట్టు అనిపించేది. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. చేతిలో కొత్త ఎమ్మెస్సీ పట్టా, సీతమ్మధారలో కుట్టించుకున్న మూడు కాటన్ చుడీదార్లు, దేశానికి ఏ జబ్బున్నా పదిహేను పేజీల్లో, పన్నెండో సైజు అక్షరాల్లో రాసి పంపిస్తే నయమైపోతుందన్న ధీమా. ఇప్పుడు మా పాప నిద్రపోయాక, ఒక చెవి దాని ఊపిరి మీదే వేసి ఇది రాస్తూంటే, ఆ అమ్మాయిని పట్టుకుని ఒక్క మొట్టికాయ వెయ్యాలనిపిస్తోంది. (తర్వాత దగ్గరికి తీసుకుంటానేమో. ముందు మాత్రం మొట్టికాయే.)

పిల్లల ఊపిరితిత్తుల మీద పనిచేసే ఒక ప్రొఫెసర్ గారి దగ్గర నేను సహాయకురాలిని. అందరిలాగే నేనూ ఆవిణ్ని మేడమ్ అనేదాన్ని. ‘ప్రాజెక్టు శాంక్షన్ అయితే నీ ఉద్యోగం ఖాయం’ అన్నారావిడ. కానంతకాలం నేను ఎవరినో నాకే తెలిసేది కాదు. పాత ఊళ్ళో ఒక వీధి ఉండేది, ఉదయం తుడిచిన అరుగు మీద సాయంత్రానికి వేలితో పేరు రాసుకోవచ్చు. నల్లటి, మెత్తటి దుమ్ము. అది ఎవరి పాపమో తేల్చడం మా పని కాదు, గాలి ఏ పక్క నుంచి వీస్తే ఆ పక్క వాళ్ళని వీధిలో ఆడవాళ్ళే తిట్టేవారు. ఆ దుమ్ము పిల్లల ఊపిరిని ఏం చేస్తోందో చూడటం మా పని. అందుకు పిల్లల చేత ఊదించి కొలిచే మిషను కావాలి, మిషనుకి గ్రాంటు కావాలి, గ్రాంటు ఇవ్వాలంటే దుమ్ముందని ముందు మేము చూపించాలి.

ఆ చూపించడానికి మేడమ్ ఆలోచించిన ఉపాయం చాలా తేలికైనది. తెల్ల పింగాణీ పళ్ళాలు ఇరవై నాలుగు కొని, అడుగున నంబర్లు వేసి, ఇంటికొకటి కిటికీ గట్టు మీద పెట్టించాం. నెల రోజులు ఎవరూ ముట్టుకోకూడదు. నెలాఖరున అందులో దుమ్ముని కాగితంతో తీసి తూకం వేస్తాం. ‘నేను చెప్పేదాకా ముట్టుకోవద్దు’ అని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది నేనే. రెండు వారాలకల్లా ఆ వీధిలో నా అసలు పేరు పోయి ‘పళ్ళేలమ్మ’ని అయ్యాను.

పదిహేడో నంబరు పళ్ళెం వీధి మొదట్లో ఉన్న పిన్నిది. (వీధంతటికీ ఆవిడ పిన్నే, నాకూ పిన్నే.) ఆవిడ మనవరాలు చిట్టికి ఆరేళ్ళు. పడుకుంటే గొంతులోంచి సన్నటి ఈల వచ్చేది. ‘మా సిట్టికి లోపల పీపీ ఉంది తల్లీ, దేవుడు ఉచితంగా ఇచ్చాడు’ అని నవ్వేది పిన్ని. నవ్వుతూనే దాని వీపు నిమిరేది. మిషను వస్తే మొదట ఊదేది నువ్వేనని నేను చిట్టికి మాటిచ్చాను. అది ఆ రోజు నుంచి బెలూన్లు ఊదడం సాధన మొదలుపెట్టింది. సగం ఊదేసరికి ఆయాసం వచ్చేది. మిగతా సగం నన్ను ఊదమనేది.

దరఖాస్తులో ‘ఇందులో కొత్తదనం ఏమిటి?’ అని ఒక గడి ఉండేది. రెండు వందల మాటలకి మించకూడదు. నాకు రెండు మాటలు కూడా తోచక పిన్నినే అడిగాను.

‘కొత్తేటుంది? మా అత్త కాపరానికొచ్చినప్పుడూ ఇదే దుమ్ము, నానొచ్చినప్పుడూ ఇదే దుమ్ము. కొత్తగా వొచ్చిందేటైనా ఉంటే నువ్వే.’

మేడమ్‌తో అదే చెప్తే, ‘పాత సమస్యకి డబ్బివ్వరమ్మా, కొత్తగా కనిపించేలా రాయి’ అన్నారు. రాశాను. పాపం పింగాణీ పళ్ళాన్ని ‘స్వల్పవ్యయ గృహస్థాయి ధూళి సేకరణ వేదిక’ చేశాను. ఎంత బాగా రాశానంటే, ఢిల్లీ నుంచి ముగ్గురు నిపుణులు స్వయంగా వచ్చి చూస్తామన్నారు. సరిగ్గా నెల నిండే రోజున, వాళ్ళ ఎదురుగానే పళ్ళాలు తీసి తూకం వేద్దామని మేడమ్ ముహూర్తం పెట్టారు.

ముందు రోజు ఉదయం వీధిలో తిరిగి అందరికీ చెప్పాను. చెప్పింది ఏమిటో అక్షరం అక్షరం గుర్తుంది, ఎన్నిసార్లు మరిచిపోదామన్నా గుర్తుంది. ‘రేపు పెద్దవాళ్ళు వస్తున్నారు. ఇళ్ళు కాస్త చక్కగా ఉంచండి. మన పరువు పోకూడదు.’ మాది గోదావరి వైపు నుంచి స్టీల్ ప్లాంటు ఉద్యోగానికి వచ్చిన కుటుంబం. కరెంటు బిల్లు కొట్టేవాడు వచ్చినా మా అమ్మ ముందుగదిలో దుప్పటి మార్చేది. చుట్టం వస్తుంటే ఇల్లు తుడవమనడం నాకు ఊపిరి పీల్చడం లాంటిది, ఆలోచించి అన్నది కాదు. దుమ్ము చూపించడానికి పిలిచిన చుట్టాలు వీళ్ళన్న సంగతి ఆ నిమిషాన నా ఎమ్మెస్సీకి తట్టలేదు.

మర్నాడు నిపుణులతో వీధిలోకి అడుగు పెట్టేసరికి నాకు వీధి మారిపోయామేమో అనిపించింది. అరుగులు కడిగి ముగ్గులు పెట్టారు. గడపలకి పసుపు రాశారు. రెండు గోడలకైతే సున్నం ఇంకా తడిగా ఉంది. కిటికీ ఊచలు తళతళలాడుతున్నాయి. కిటికీ గట్ల మీద ఏమీ లేదు. మేడమ్ నా వైపు చూశారు. నేను నా కొత్త చెప్పుల వైపు చూసుకున్నాను.

పిన్ని ఎదురొచ్చి ముగ్గురినీ కుర్చీల్లో కూర్చోబెట్టింది. ఎదురింటి ఖాలా (అత్తరు దుకాణం వాళ్ళావిడ, పన్నెండో నంబరు) గ్లాసుల్లో షర్బత్ తెచ్చింది. తర్వాత మాడుగుల హల్వా వచ్చింది, జీడిపప్పులతో, నెయ్యి కారుతూ. ముగ్గురిలో పెద్దాయన ఒక ముక్క నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నారు. కళ్ళు తెరిచి, ఎంతో మర్యాదగా, ‘మీ ధూళి సేకరణ వేదికలు ఎక్కడ?’ అని ఇంగ్లీషులో అడిగారు.

నేను అప్పటికే ఆయన చేతిలో ఉన్న పళ్ళాన్నే చూస్తున్నాను. నా చూపు ఎటుందో గమనించి ఆయన హల్వా జారకుండా పళ్ళెం పైకెత్తి అడుగు చూశారు. నల్ల మార్కరుతో, నా దస్తూరీలో, 17.

‘పిన్నీ, పళ్ళాలు కడిగేశారా?’ అన్నాను.

‘కడగమా మరి? సింతపండెట్టి తోవించాను. ఎంత నలుపనుకున్నావు, మూడు నీళ్ళు పోసినా వొదల్లేదు!’

‘మెహ్మాన్ వస్తే గలీజు పళ్ళెం చూపిస్తామా బేటీ?’ అంది ఖాలా, నా తెలివితక్కువతనానికి నొచ్చుకుంటూ. ‘ఇంత మంచి పళ్ళాలు వీధిలో ఎవరింట్లో ఉన్నాయి? మీవే కదా!’

ఇరవై నాలుగు ఇళ్ళల్లోనూ ఇరవై నాలుగు పళ్ళాలు అద్దాల్లా ఉన్నాయి. నెలరోజుల సాక్ష్యం చింతపండు నీళ్ళలో కలిసి కాలవలోకి పోయింది. ‘ఫొటోలైనా తీశావా?’ అని మేడమ్ పంటి బిగువున అడిగారు. తీశాను. మొదటి రోజువి. వాటిలో కూడా పళ్ళాలు తెల్లగానే ఉన్నాయి.

నిపుణులు వెళ్ళాక, అందరి ఎదుటా, మేడమ్ నెమ్మదిగా అడిగారు. ‘తుడవమని వీళ్ళకి ఎవరు చెప్పారు?’

నాకు ఉద్యోగం కళ్ళ ముందు ఆడింది. పిన్ని నా మొహంలోకి ఒకసారి చూసింది. అంతే, ఆవిడకి అర్థమైపోయింది. ‘నానే సెప్పాను మేడమ్. ఈ పిల్ల వొద్దంటే వొద్దంది. నానే ఇన్లేదు. ముసిల్దాన్ని, నాకేటి తెలుస్తాది?’ అంది. మేడమ్ ఇంకేమీ అనలేదు. నేనూ అనలేదు. ఆ ఊరుకోవడం ఇప్పటికీ నాకు మింగుడు పడని ముద్ద.

మూడు నెలలకి ఉత్తరం వచ్చింది. ‘సమాజ భాగస్వామ్యం’ అనే గడిలో మాకు పూర్తి మార్కులు. ఆతిథ్యం గురించి ఒక వాక్యం కూడా ఉంది. చివర మాత్రం, ‘క్షేత్ర సందర్శనలో సమస్య తీవ్రత కనిపించనందున ఆర్థిక సహాయానికి సిఫార్సు చేయలేకపోతున్నాము.’ ఒక్క అక్షరం అబద్ధం లేదు. వాళ్ళకి కనిపించలేదు. మేము కనిపించకుండా తోమేశాం. (దుమ్ముని చూడాలంటే పళ్ళెం ఒక్కటే దారా, చిట్టి వీపుకి చెవి ఆనిస్తే చాలదా అని ఆ ముగ్గురిలో ఒక్కరికీ తోచకపోవడం మాత్రం నా తప్పు కాదు. అయినా దరఖాస్తులో అలాంటి గడి లేదులెండి.)

ఆ సంగతి చెప్పడానికి వెళ్తే పిన్ని పదిహేడో పళ్ళాన్ని పేపర్లో చుట్టి నా చేతిలో పెట్టింది. ‘అట్టుకుపో తల్లీ. మేవేటి సేసుకుంటాం. నీ పెళ్ళికి పనికొత్తాది.’ చిట్టి గుమ్మంలో నిలబడి, ‘మిషనెప్పుడొత్తాది పళ్ళేలమ్మా?’ అంది. వస్తుందన్నాను. మళ్ళీ ఆ వీధికి వెళ్ళలేదు. చిట్టి ఇప్పుడెలా ఉందో నాకు తెలియదు. తెలుసుకోవడానికి బస్సెక్కితే సరిపోయేది. ఎక్కలేదు.

ఇప్పుడు మాది గోపాలపట్నంలో మూడో అంతస్తు. పాపకి నాలుగేళ్ళు. చలికాలం మొదలైతే దానికీ లోపల పీపీ మోగుతుంది. నెబ్యులైజరు మాస్కు పెడుతూ ‘ఇది విమానం నడిపేవాళ్ళ మాస్కు’ అని అబద్ధం చెప్తాను, అది నమ్మినట్టు అబద్ధం ఆడుతుంది. పోయిన వారం ఒక అమ్మాయి ఫోన్ చేసింది. ఏదో కాలేజీలో చదువుతోందట, పిల్లల ఉబ్బసం మీద ప్రభుత్వ గ్రాంటు వచ్చిందట, ఇళ్ళల్లో దుమ్ము నమూనాలు తీసుకోవాలట. ‘రేపు రావచ్చా మేడమ్?’ అంది. నన్ను మేడమ్ అన్నది! రమ్మన్నాను.

మర్నాడు ఆ అమ్మాయి కాటన్ చుడీదార్లో వచ్చి, సంచీలోంచి తెల్ల దూది తీసి, మా పడకగది కిటికీ గట్టు మీద ఇటునుంచి అటు రాసింది. దూది తెల్లగానే ఉంది. తిప్పి రాసింది. తెల్లగానే ఉంది. ‘మీ ఇల్లు చాలా నీట్‌గా ఉంది మేడమ్’ అంది, పాపం, ఏడుపు మొహంతో.

ఎందుకుండదు? ఎవరో వస్తున్నారని ఉదయం లేచి అన్ని కిటికీలూ తడిగుడ్డతో తుడిచింది నేనే కదా. ముందు నవ్వొచ్చింది, తర్వాత కుర్చీలో కూర్చోవలసి వచ్చింది. ఆ పిల్ల కంగారుగా మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

‘నువ్వొస్తున్నావని తుడిచేశానమ్మా. నేనే. అలాగే రాసుకో.’

‘ఫారంలో ఆ కాలమ్ లేదు మేడమ్.’

‘పక్కన ఖాళీ ఉంది కదా, అక్కడ రాయి. ఇంటావిడే తుడిచింది అని రాయి. పది రోజులు ఆగి మళ్ళీ రా.’

ఆ అమ్మాయి వెళ్ళాక అటక మీంచి పదిహేడో నంబరు పళ్ళెం దింపాను. అంకె సగం చెరిగిపోయింది, కానీ తెలుస్తోంది. పడకగది కిటికీ గట్టు మీద పెట్టాను. ఈ తొమ్మిది రోజుల్లో దాని తెలుపు పోయింది. చూసినప్పుడల్లా పాప ఛాతీ వైపు చూస్తాను, మళ్ళీ పళ్ళెం చూస్తాను. మాతో ఉండటానికి వచ్చిన మా అమ్మ ఇప్పటికి నాలుగుసార్లు గుడ్డ పట్టుకుని వచ్చింది. ‘రేపు ఆ పిల్ల వస్తుందంటున్నావు, ఈ దరిద్రం ఇక్కడ ఉండగా ఎలాగే?’ అని సాయంత్రం కూడా సణిగింది.

పళ్ళాన్ని కిటికీ పక్కనున్న బీరువా మీదకి ఎక్కించాను, అమ్మకి అందనంత ఎత్తులో. నిజం చెప్పొద్దూ, నాకు భయం అమ్మ గురించి కాదు. రేపు తెల్లారగానే నాలోని ఆ ఇరవై నాలుగేళ్ళ పిల్ల, కొత్త చెప్పులేసుకుని, చింతపండు నానబెట్టుకుని ఎక్కడ తయారవుతుందోనని. ముక్కాలి పీట కూడా తీసి దాచేశాను.