గంట విమానం, పక్కింట్లో సంచి

మా మనవరాలికి ఆడపిల్ల పుట్టింది. ఉయ్యాల వేడుక గన్నవరం పక్కన మా కూతురింట్లో, సాయంత్రం ముహూర్తం. ఆ వేళకు అక్కడున్న ఆడవాళ్లలో పెద్దావిడే బిడ్డను ఉయ్యాల్లో వేయాలి. మా కూతురి అత్తగారు, అంటే నా వియ్యపురాలు, ఎటూ ఆ ఇంట్లోనే ఉంటుంది. వయసులో నేనే పెద్ద, కానీ నేను ఆలస్యమైతే ఆవిడే వేస్తుంది. మనిషి మంచిదే, కాకపోతే ఆ మాట బిడ్డ పెళ్లిదాకా చెబుతుంది.

మా ఆయన విమానం అన్నాడు.

"రేణిగుంటలో ఎక్కితే గన్నవరం గంటే మే!"

"రేణిగుంట మన వాకిట్లో ఉండాదా? చంద్రగిరి నుంచి ఆడికి పోయేది ఎవురి లెక్క? ఆడ కూసోబెట్టేది ఎవురి లెక్క? రైల్లో అయితే పులుసన్నం తిని ఒక కునుకు తీసేదాన్ని."

"పైన కూడా కునుకు తీయి. ఎవురొద్దన్నారు?"

బయలుదేరాల్సిన పొద్దున వర్జ్యం ఉంది. అందుకని ముందురోజే మంచి గడియ చూసి, నా సంచి పక్కింట్లో పెట్టి వచ్చాను. ప్రస్థానం అంటారు, సంచి గడప దాటితే మనిషి బయలుదేరినట్టే. మరిచిపోతానేమోనని పట్టుచీర మడతలో ఆధార్ కార్డు కూడా పెట్టాను. ఆ జాగ్రత్తే కొంప ముంచింది. తెల్లారి వెళ్తే పక్కింటికి తాళం.

పక్కింటావిడకు ఫోన్ చేశాను.

"అయ్యో అక్కా, కొండమింద ఉండాను! దర్శనం టికెట్లు దొరికినాయని మా మరిది రాత్రే పిల్సకొచ్చినాడు. నీ సంచి కిటికీ కింద మంచంమింద భద్రంగా ఉండాది."

"భద్రానికేం తక్కువ, నాకే దొరకనంత భద్రం" అన్నాను.

కార్డు లేకపోతే విమానాశ్రయం గేటు కూడా దాటనివ్వరు. మా ఆయన అరుగుమీద కూర్చుని నవ్వాడు.

"నీ సంచి నిన్ననే పయనమైపోయె. నువ్వే ఈడ మిగిలిపోయినావు."

"నవ్వింది చాల్లే. చింతకాయలు కోసే దోటి తీస్కరా."

ఆ కిటికీ రెక్కకు గడియ సరిగా పడదు. తోస్తే తెరుచుకుంది. ఆయన కమ్ముల సందులోంచి దోటి దూర్చి, కొక్కేన్ని సంచి చెవులకు తగిలించి లాగాడు. వీధిలో పాలు పోసే ఆమె ఆగి, "ఏం పెద్దాయనా, ఈ వయసులో దొంగతనానికి దిగితివా?" అంది. సంచి కిటికీదాకా వచ్చింది గానీ కమ్ముల్లో పట్టలేదు. చేయి పెట్టి కార్డు తీసుకున్నాను. పట్టుచీరను పేగులా లాగాను. అప్పచ్చుల డబ్బా అక్కడే వదిలేశాను.

ఆటో, రేణిగుంట, తనిఖీలు, కూర్చోవడం, విమానం ఆలస్యమని మళ్లీ కూర్చోవడం. ఎగిరింది మాత్రం గంటే, అది నిజం. దిగాక కారు దారిలో ఇరుక్కుంది. మా ఆయన గడియారం వైపు చూడటం మానేశాడు.

ఇంట్లో అడుగుపెట్టేసరికి వియ్యపురాలు బిడ్డను ఎత్తుకుని ఉయ్యాల పక్కనే నిలబడి ఉంది. పూజారి తొందరపెడుతున్నాడు.

"రండి వదినగారూ! విమానం అన్నారు కదా అని మధ్యాహ్నమే భోజనం వడ్డించి కూర్చున్నాం."

"నడిచొచ్చుంటే ఆ భోజనానికే అందేదాన్ని వదినా" అన్నాను.

ఆవిడ నవ్వి, బిడ్డను నా చేతుల్లో పెట్టింది. తల మాత్రం తన అరచేతిలోనే ఉంచుకుంది. నేనూ వదలమనలేదు. ఇద్దరం కలిసే ఉయ్యాల్లోకి దించాం.