వాలని రెప్పలు

మట్టి ముట్టుకునే ముందు, బొమ్మలు చేసే మా బాబాయి కళ్లు మూసుకుని, ఊపిరిని గమనిస్తూ కాసేపు కూర్చునేవాడు. తర్వాత బొటనవేలు తడిచేసుకుని, పసిబిడ్డను నిద్రపుచ్చుతున్నట్టు బుద్ధుడి రెప్పలు కిందికి నిమిరేవాడు. పాడైన మిషను మీద పనిచేయించి బాబాయి కొడుకు ప్రాణం తీసిన ఫ్యాక్టరీ యజమానే మనశ్శాంతికని బుద్ధుడి బొమ్మ అడిగితే, బాబాయి ఒప్పుకున్నాడు. ఆ బొమ్మకు మాత్రం రెప్పలు నిమరలేదు.

"ఏమండీ, రెప్పలు వాల్చలేదే?" అంది పిన్ని.

"వాడికి ఈ తెరిచిన కళ్లే చాలు. నువ్వూరుకో."

యజమాని వచ్చి బొమ్మ ఎదుట బాసింపట్టు వేసుకున్నాడు. కాసేపటికే ఇబ్బందిగా కదిలాడు.

"ఏంటయ్యా, ఈయన నన్నే చూస్తున్నాడు?"

"కళ్లు మూసుకోండి సార్," అన్నాడు బాబాయి, చేతులు తుడుచుకుంటూ. "నేను మూసుకుంటే మావాడు కనబడతాడు. మీకూ కనబడతాడు."