బాగున్నానండి

మా నాన్నని ఆ డాక్టరు గారి క్లినిక్‌కి వైద్యం కోసం తీసుకెళ్ళలేదు. పగ తీర్చుకోవడానికి తీసుకెళ్ళాను. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. అమ్మకీ చెప్పలేదు. నా డైరీలో కూడా "రాజమండ్రి వెళ్ళాం, పెద్ద డాక్టరుకి చూపించాం" అని మాత్రమే రాసుకున్నాను. మా ఇంట్లో ఆ డైరీ చదివేవాళ్ళు నేను తప్ప ఎవరూ లేరు, అయినా అంతే రాశాను.

మాది ధవళేశ్వరం. నాన్న ఆనకట్ట దిగువన పడవ మీద వేటకి వెళ్ళేవాడు. అమ్మ ఆ చేపల్ని రోడ్డు పక్కన పట్టా మీద పోసి అమ్మేది. ఇప్పటికీ అమ్ముతోంది, కాకపోతే వేరేవాళ్ళ పడవల దగ్గర కొనుక్కుని. నేను డిగ్రీ అయ్యాక రాజమండ్రిలో ఒక బట్టల కొట్లో బిల్లింగ్ దగ్గర కూర్చుంటున్నాను. మనుషులతో మాట్లాడటం నాకు చేతకాదు. ఆటోలో నేను దిగాల్సిన చోటు దాటిపోతున్నా "ఆపండి" అనలేక, ముందెక్కడో ఎవరో దిగితే వాళ్ళ వెనకే దిగి, నడిచి వెనక్కి వచ్చిన రోజులున్నాయి. లైబ్రరీ పుస్తకాలకి పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేసి చదువుతాను, ఏం చదువుతున్నావని ఎవరైనా అడుగుతారేమోనని.

నాన్న అలా కాదు. గట్టు మీద ఎదురైన ప్రతి మనిషినీ పలకరించేవాడు. ఆయన్ని ఎవరు ఎలా ఉన్నావని అడిగినా, వల ఖాళీగా వచ్చిన రోజైనా, జ్వరంతో వణికిపోతున్నా, ఒకటే జవాబు. "బాగున్నానండి." మా వైపు ఆ ప్రశ్నకి ఇంకో జవాబు లేదు. బాగోలేదని చెబితే అడిగిన మనిషిని ఇబ్బంది పెట్టినట్టు.

మూడేళ్ళ కిందట ఒక పొద్దున్న పడవ కట్టేస్తూ ఇసుకలో పడిపోయాడు. పక్షవాతం. కుడి కాలు కొంత తిరిగి వచ్చింది, ఈడ్చుకుంటూ నడుస్తాడు. కుడి చెయ్యి రాలేదు. మాట పోయింది. ఆసుపత్రిలో తెలివొచ్చాక నర్సు వంగి "ఎలా ఉన్నారండి?" అంటే, "బాగున్నానండి" అన్నాడు, గంట కొట్టినట్టు. అమ్మ ఆ నర్సు చేతులు పట్టుకుని ఏడ్చింది, మాట దక్కిందని. ఆయనకి దక్కింది ఆ ఒక్క మాటేనని సాయంత్రానికి అర్థమైంది.

అప్పట్నుంచి మా ఇంట్లో అన్నిటికీ అదే మాట. నీళ్ళు కావాలంటే బిందె వైపు చూసి మెల్లగా "బాగున్నానండి". కోపమొస్తే చివర సాగదీసి "బాగున్నానండీ!" అన్నం వడ్డిస్తుంటే కంచం మీద ఎడం చెయ్యి అడ్డం పెట్టి, గొంతు దించి "బాగున్నానండి" అంటే, చాలని. మాకు ఆ రాగాలన్నీ వచ్చేశాయి. ఒకసారి పులుసులో ఉప్పు ఎక్కువైతే కంచం తోసేసి గట్టిగా అరిచాడు.

"నువ్వు బాగానే ఉన్నావయ్యా, పులుసే బాగోలేదంటావు. అంతేగా?" అంది అమ్మ.

నాన్న నవ్వాడు. సగం మొహంతోనే, కానీ నవ్వాడు.

ఆయనకి వికలాంగుల పింఛను వచ్చేది. రక్తం గడ్డకట్టకుండా వేసుకునే మాత్రలు, బీపీ మాత్రలు, ఫిజియోథెరపీ చేసే ఆవిడ ఆ డబ్బు మీదే. మాత్రలు మానితే మళ్ళీ వస్తుందని, రెండోసారి వస్తే మనిషి దక్కడని మాకు ముందే చెప్పారు. అలాంటి పింఛన్లని మళ్ళీ పరీక్ష చేస్తామని ప్రభుత్వం ప్రకటించింది. పేపర్లో "అనర్హుల ఏరివేత" అని వేశారు. ఆ మాట చూడగానే నాకు ఒళ్ళు మండింది. మేం వల దులిపాక పనికిరాని చేపల్ని ఏరి గట్టు మీదకి విసిరేస్తాం. కాకులొచ్చి ఎత్తుకుపోతాయి. కాగితాల మీదేమో "దివ్యాంగులు" అని రాస్తారు. అంత పెద్ద పేరు పెట్టి ఇలా విసిరేయడానికి చేతులెలా వచ్చాయో అనుకున్నాను. దొంగ సర్టిఫికెట్లవాళ్ళు లేరని నేను అనను. వాళ్ళని పట్టుకోవడం చేతకాక, ఆసుపత్రిలో క్యాంపు పెట్టి, కాలు ఈడ్చుకుంటూ వచ్చినవాళ్ళని ఎండలో వరసగా నిలబెట్టారు.

ఆ వరసలో నాన్న, వెనక నేను. మా ముందు ఒకాయన కృత్రిమ కాలు ఊడదీసి బల్ల మీద పెట్టి చూపించాడు. మా వంతు వచ్చింది. డాక్టరు గారు తలెత్తలేదు.

"ఎలా ఉన్నావయ్యా?"

"బాగున్నానండి."

ఆయన పక్కనున్న గుమాస్తా వైపు తిరిగి నవ్వాడు. "విన్నారా? మాట పోయిందని రాశారు. నాకన్నా బాగా మాట్లాడుతున్నాడు. ఏదీ, చెయ్యెత్తు."

నాన్న చెయ్యెత్తాడు. ఎత్తగలిగిన చెయ్యి. ఎడం చెయ్యి.

"సరే, వెళ్ళు."

నేను అనాల్సింది రెండు మాటలు. "మాట రాదండి." నోట్లోకి వచ్చాయి. వెనక మనుషులు తోస్తున్నారు, గుమాస్తా తరవాతి పేరు పిలిచేశాడు. నేను నాన్న చెయ్యి పట్టుకుని బయటికి వచ్చేశాను.

కొన్నాళ్ళకి మా ఊరి సచివాలయం నుంచి నోటీసు తెచ్చిచ్చారు. వైకల్యం పింఛనుకి కావలసిన శాతం కన్నా తక్కువని తేలిందట. పింఛను ఆపేశారు. అభ్యంతరముంటే అప్పీలు చేసుకోవచ్చట. ఫిజియోథెరపీ ఆవిడని రావద్దన్నాం. తరవాత ఒక రోజు అమ్మ నాన్నకి మాత్ర వెయ్యకపోవడం చూశాను.

"ఏమే అలా చూస్తావు? రోజు మార్చి రోజు వేస్తున్నాను" అంది, నా మొహం చూడకుండా చేప పొలుసు గీస్తూ. "నీకు నోట్లో నాలుకుంటే ఆ రోజు చెప్పుండేదానివి."

అమ్మ మీద కోపం రాలేదు. తలెత్తకుండా నవ్విన ఆ మనిషి మీద వచ్చింది. ఆయన పేరు నోటీసు కింద సంతకం దగ్గర ఉంది. మా కొట్టున్న వీధికి రెండు వీధుల అవతల అదే పేరుతో క్లినిక్ బోర్డు ఉంది. రోజూ దాని ముందు నుంచే నడిచి వెళ్ళేదాన్ని. ఆ బోర్డు విరిగి ఆయన నెత్తిన పడాలనుకున్నాను. ఆయన నోరు పడిపోవాలనుకున్నాను. ఒక్క మాట మిగలాలి, అది "బాగున్నానండి" కావాలి, ఆయన పిల్లలు మంచినీళ్ళేవో ఆకలేదో తెలియక తిరగాలి. అలా కోరుకోవడం తప్పని నేను చదివిన పుస్తకాలన్నీ చెప్పాయి. ఒక్కదాని మాటా వినలేదు.

అప్పుడే తోచింది. అప్పీలు పెట్టి, జీతం రాగానే నాన్నని సాయంత్రం ఆటోలో ఆ క్లినిక్‌కి తీసుకెళ్ళాను. పెద్ద డాక్టరని, మాట తెప్పిస్తాడని అమ్మకి చెప్పాను. ఫీజు కట్టి, చల్లటి గదిలో కూర్చుని, వంతు వచ్చాక లోపలికి వెళ్ళాం. ఆయనకి మేం గుర్తులేం.

"రండి, కూర్చోండి. ఎలా ఉన్నారండి?"

అండి! క్యాంపులో "ఉన్నావయ్యా", ఇక్కడ "ఉన్నారండి".

"బాగున్నానండి" అన్నాడు నాన్న.

ఈసారి ఆయన నవ్వలేదు. పెన్ను చూపించి ఇదేంటండి అన్నాడు. గడియారం చూపించాడు. కుడి చెయ్యి తన చేతిలోకి తీసుకుని వేళ్ళు ఒక్కొక్కటీ వంచి చూశాడు. నాన్న దేనికైనా అదే మాట. ఆయన నా వైపు తిరిగి నెమ్మదిగా చెప్పాడు.

"చూడమ్మా, ఎప్పుడూ అలవాటుగా అనే మాటలు, మర్యాద మాటలు, తిట్లు, ఇలాంటివి కొందరికి మిగిలిపోతాయి. విని మాట వచ్చిందనుకుంటారు. ఇది మాట కాదు. ఆయనకి అన్నీ అర్థమవుతాయి, చెప్పలేరు. పాపం, ఈ చేత్తో పని కూడా చేయలేరు."

ఈ మనిషికి తెలుసు. అన్నీ తెలుసు. తెలియక తప్పు చేశాడని ఎక్కడో ఒక మూల అనుకునేదాన్ని, ఆ మూల కూడా ఖాళీ అయిపోయింది. ఫీజు కడితే తలెత్తుతాడు, లేకపోతే ఎత్తడు, అంతే.

"ఇప్పుడు చెప్పిందంతా కాగితం మీద రాసిస్తారా అండి?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆయన రాసిచ్చాడు. థాంక్స్ చెప్పాను. నవ్వాను కూడా.

అప్పీలు బోర్డు ఇంకో ఆసుపత్రిలో. బల్ల వెనక ముగ్గురు డాక్టర్లు. ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ళ ముందు ఆ కాగితం పెడదామనుకుని, నాన్ననీ అమ్మనీ వెంటబెట్టుకుని వెళ్ళాను. నరాల డాక్టర్లు జిల్లాకి ఎంతమంది ఉంటారు? ముగ్గురిలో ఆయనా ఉన్నాడు. ముందు వెనక్కి వెళ్ళిపోదామనుకున్నాను. తరవాత అంతకన్నా మంచి అవకాశం దొరకదని అర్థమైంది.

మధ్యలో కూర్చున్న డాక్టరమ్మ గారు నోటీసు చదివి, దాని పక్కన నేను పెట్టిన కాగితం చదివి, ఆయన వైపు జరిపారు. "ఇది మీ క్లినిక్ కాగితమే కదండీ? రెండు సంతకాలూ మీవే."

ఆయన చూసి, నన్ను చూసి, అద్దాలు తీశాడు. "క్యాంపులో రోజుకి ఎంతమందిని చూడాలో మీకు తెలియనిదేముంది మేడం. పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు."

నిజమే అయ్యుంటుంది. పైన కూర్చున్నవాళ్ళు నా చేతికి అందేవాళ్ళు కారు. ఆయన అందాడు.

"మళ్ళీ అడగండి" అన్నాను.

"ఏంటమ్మా?"

"ఆ రోజు అడిగినట్టే అడగండి. ఎలా ఉన్నావయ్యా అని."

డాక్టరమ్మ గారు నన్ను ఆపలేదు. ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఎలా ఉన్నారండి?"

"బాగున్నానండి."

"ఇంకోటి అడగండి."

"మీ... మీ ఊరేదండి?"

"బాగున్నానండి."

అక్కడితో పని అయిపోయింది. డాక్టరమ్మ గారు అప్పటికే కాగితం మీద రాస్తున్నారు. కానీ డాక్టరు గారు తల దించుకున్నాడు. నాకు ఆ తల ఎత్తించాలనిపించింది, చూడాల్సింది చూసేదాకా. నాన్న వైపు తిరిగాను.

"నాన్నా, నా పేరేంటి?"

నాన్న నన్ను చూశాడు. పెదాలు కదిలాయి. నా పేరు ఆయనే పెట్టాడు. గట్టు మీద నుంచి ఆ పేరు పెట్టి కేకేస్తే వీధి చివర దాకా వినిపించేది. మెడ నరాలు పొంగాయి, ఎడం చెయ్యి కుర్చీని పట్టుకుంది. ఎంతసేపటికో, చాలా చిన్నగా, "బాగున్నానండి" అన్నాడు. ఒక కంట్లోంచి నీళ్ళు కారాయి. డాక్టరు గారు అప్పుడు తలెత్తి చూశాడు. పూర్తిగా చూశాడు. ఆయన మొహం వాడిపోవడం నాకు ఎంత తృప్తినిచ్చిందో ఇప్పటికీ చెప్పలేను.

పింఛను తిరిగి వచ్చింది. మాత్రలు రోజూ పడుతున్నాయి. ఆ రోజు తిరుగు ఆటోలో అమ్మ నా జబ్బ మీద చరిచింది.

"ఓసి నీ దుంప తెగ! నోట్లో నాలుక లేదనుకున్నాను, కత్తిపీటే పెట్టుకు తిరుగుతున్నావు కదే!"

నాన్న మాత్రం కాలువ వైపు తిరిగి కూర్చున్నాడు. ఇంటికొచ్చాక ఒక్క మాట లేదు. నీళ్ళు కావాలంటే వేలు చూపించేవాడు. ఉన్న ఆ ఒక్క మాటా మానేశాడు. అమ్మ ఎంత ఆటపట్టించినా నోరు విప్పలేదు.

నాకు అది అర్థమైనా కానట్టు ఉన్నాను, ఎందుకంటే నా కసి ఇంకా తీరలేదు. ఆ డాక్టరు మీద ఫిర్యాదు రాశాను. మా వరసలో నిలబడి పింఛను పోగొట్టుకున్నవాళ్ళ ఇళ్ళకి వెళ్ళాను, తలుపులు కొట్టాను, నేను! వాళ్ళ చేత వేలిముద్రలు వేయించాను. ఒక సాయంత్రం నాన్నకి అన్నం వడ్డిస్తూ అదంతా చెప్పాను.

"ఆ కుర్చీలోంచి లేపిస్తాను నాన్నా. ఆయన్ని క్యాంపు పెట్టమన్నవాళ్ళ దాకా వెళ్తాను. కావాలంటే నిన్ను మళ్ళీ తీసుకెళ్ళి అందరి ముందూ కూర్చోబెడతాను. అప్పుడు చూస్తారు."

నాన్న ఎడం చెయ్యి లేచింది. కంచం మీద అడ్డం పెట్టలేదు. గరిట పట్టుకున్న నా మణికట్టు మీద పెట్టాడు, బరువుగా. నా మొహంలోకి చూసి, గొంతు దించి, అన్నం చాలన్నప్పుడు అనే రాగంలో అన్నాడు:

"బాగున్నానండి."