పెదవి పైన ఆరు రంగుల మచ్చ

రేపల్లెలో ఒక కుటుంబాన్ని, అదీ తద్దినం రోజున, భోజనాలకు ఇంకా ఆకులు వెయ్యకముందే, ఆవగింజంత చుక్కతో రెండు పక్షాలుగా చీల్చిన ఘనత నాది. ఆ చుక్క పెట్టడానికి నాకు మూడు రోజులు పట్టింది. ఆరు రంగులు వాడాను. ఇప్పుడంటే నవ్వుతూ చెబుతున్నాను గానీ, ఆ రోజు మాత్రం తెనాలి వెళ్లే రైలు ఎన్నింటికో కనుక్కుని, స్టేషను వైపు చూస్తూ కూర్చున్నాను.

అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. తెనాలిలో డిగ్రీ అయిపోయింది. నేను బ్యాంకు పరీక్షలకు చదువుతున్నానని మా ఇంట్లో గట్టి నమ్మకం. నేనేమో తలుపు దగ్గరగా వేసుకుని, ఫోనులో వీడియోలు చూస్తూ, రంగు పెన్సిళ్లతో మనుషుల ముఖాలు గీయడం నేర్చుకుంటున్నాను. కొన్నాళ్లకు నా పాత పెన్సిళ్లు నాకు చాలనిపించలేదు. లోపలి రంగుపుల్ల, అదే ములుకు, గట్టిగా ఉన్నవి, మొన సన్నగా వచ్చేవి తెప్పించుకున్నాను.

మీకు తెలియకపోతే చెబుతాను. మెత్త ములుకు పెన్సిలు కాగితం మీద పెట్టగానే రంగు పరుచుకుంటుంది, పది గీతలకే మొన అరిగిపోతుంది. గట్టిది అలా కాదు. మొన చాలాసేపు నిలుస్తుంది. కనుబొమలో ఒక్కొక్క వెంట్రుక, చీర అంచులో ఒక్కొక్క పోగు విడివిడిగా గీయొచ్చు. కాకపోతే రంగు చాలా లేతగా పడుతుంది. తేలిక చేత్తో, పూత మీద పూత వేసుకుంటూ పోవాలి. తొందరపడి నొక్కితే కాగితంలో గాడి పడుతుంది, ఆ గాడి ఇక పోదు. ఈ చివరి మాట వీడియోలో మూడుసార్లు చెప్పారు. మూడుసార్లూ నేను టీ తాగుతున్నాను.

"పొద్దుటి నుంచి రుద్దుతున్నావు, కాయితం తెల్లగానే ఉందేంటే?" అని మా అమ్మ అడిగింది. ఇది పూతల పని, ఓపిక ఉన్నవాళ్లకే అర్థమవుతుందని చెప్పాను. ఓపిక గురించి ఆవిడకు నేను చెప్పడం చూసి అమ్మ వంటింట్లోకి వెళ్లిపోయింది.

అలాంటి రోజుల్లో రేపల్లె నుంచి శేషు మామయ్య ఫోను చేశాడు. శేషు మామయ్య వాళ్ల నాన్న మా అమ్మకు వరసకు బాబాయి, నాకు తాతయ్య. ఆయన భార్య సుబ్బాయమ్మ అమ్మమ్మ నా చిన్నప్పుడే పోయింది. ఫోటో అంటే ఆవిడకు భయమట, పెళ్లిళ్లలో కెమెరా కనిపిస్తే ఎవరో ఒకరి వెనక్కి వెళ్లిపోయేదట. అందుకని ఆ ఇంట్లో ఆవిడది ఒక్కటే ఫోటో మిగిలింది. తాతయ్యకు కొత్తగా రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషను అయింది. చూపు తేటపడ్డాక ఆయన గోడ మీది ఫోటో చూసి, అది ఇంతలా వెలిసిపోయిందని నాకెవరూ చెప్పలేదేంటి అన్నారట. ఆ మాట తర్వాత రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదట.

"ఏమీ పెద్దగా అక్కర్లేదమ్మాయ్. కళ్లు బాగున్నప్పుడే ఒక్కసారి అమ్మ ముఖం చూసుకోవాలని ఆయన ఆశ. ఫోటోలో ఎట్టా ఉందో అట్టా గీసి ఇవ్వు చాలు" అన్నాడు మామయ్య. తద్దినం నాటికి కావాలన్నాడు.

నేను పొంగిపోయాను. నా పెన్సిలుకు దొరికిన మొదటి నిజమైన పని అది. తెనాలి నుంచి రేపల్లె ఎంత దూరమని, ఒకసారి వెళ్లి అసలు ఫోటో చూసి వచ్చేస్తే సరిపోయేది. కానీ మామయ్య గోడ మీది పటాన్ని ఉన్నదున్నట్టే ఫోనుతో తీసి పంపాడు. దాన్ని పెద్దది చేసి చూసుకుంటుంటే ప్రతి పోగూ కనిపిస్తోంది, ఇంక వెళ్లడమెందుకు అనుకున్నాను.

ముఖం మీద ఏటవాలుగా ఒక తెల్లటి చార ఉంది. అది అమ్మమ్మది కాదు, పటం అద్దంలో పడ్డ ట్యూబులైటు వెలుగని నేనే కనిపెట్టి, దాన్ని గీయకుండా వదిలేశాను. నా తెలివికి నేనే మురిసిపోయి, ఆ విషయం స్నేహితురాలికి ఫోను చేసి మరీ చెప్పుకున్నాను. దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి. ఆ ముఖానికీ నాకూ మధ్య అద్దం ఒకటి ఉందని నాకు తెలుసు.

పై పెదవి మీద, ఎడమ పక్కన, చిన్న మచ్చ ఉంది. ఎంత అందంగా ఉందో. అంచుల దగ్గర పలచబడి, మధ్యలో కాస్త ఉబ్బెత్తుగా ఉంది. ఆ ఉబ్బు తేవడానికి లేత గోధుమ రంగుతో మొదలుపెట్టి, ఎరుపు కలిసిన గోధుమ, ముదురు గోధుమ, కొంచెం ఊదా, బూడిద రంగు, చివరికి నలుపు వేశాను. మూడు రోజులు దాని మీదే కూర్చున్నాను. ఎన్ని పూతలేసినా చాలినంత నలుపు రాలేదు. మూడో రోజు సాయంత్రం ఓపిక నశించి, మొన బాగా చెక్కి, పళ్లు బిగపట్టి నొక్కాను. కాగితం చిన్నగా కిర్రుమంది. మచ్చ మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది.

తద్దినం రోజున బొమ్మను రెండు అట్టల మధ్య పెట్టి, రైల్లో ఒళ్లో పసిపిల్లలా పట్టుకుని రేపల్లె వెళ్లాను. బాపట్ల నుంచి తాతయ్య కూతురు భారతి పిన్ని, ఆవిడ కూతురు హారిక అప్పటికే చెరుకుపల్లి మీదుగా బస్సులో వచ్చేసి ఉన్నారు. హారిక పదో తరగతి. మాట్లాడినప్పుడల్లా అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంటోంది. పళ్లకు క్లిప్పు వేశారేమో అనుకున్నాను. అడిగితే, పెదవి మీద మచ్చ ఉందని బళ్లో ఏడిపిస్తున్నారని, దాని మీద పౌడరు రుద్ది రుద్ది పుండు చేసుకుంటోందని పిన్ని చెప్పింది.

బొమ్మ బల్ల మీద నిలబెట్టి అట్ట తీశాను. పిన్ని కొంగుతో కళ్లు ఒత్తుకుంది. నా ఛాతీ ఎంత పొంగిందో చెప్పలేను. అప్పుడు శేషు మామయ్య కళ్లద్దాలు సవరించుకుని, బొమ్మకు దగ్గరగా వంగి, "ఈ మచ్చేంటమ్మాయ్?" అన్నాడు.

ఫోటోలో ఉందని చెప్పాను. అమ్మకు మచ్చ లేదే అన్నాడు మామయ్య. ఎందుకు లేదు, ఉంది అంది పిన్ని. చిన్నప్పుడు అమ్మ అన్నం కలిపి పెడుతుంటే తను ఆ మచ్చనే చూస్తూ తినేదట. పక్కింటి ఆవిడ కూడా వచ్చి చూసి, పెదవి మీద మచ్చ ఉంటే మాటకారులవుతారని, సుబ్బాయమ్మకు ఆ నోరు ఎక్కడి నుంచి వచ్చిందో ఇన్నాళ్లకు తెలిసిందని తేల్చేసింది. బొమ్మలో ఎడమ అంటే మనిషికి ఏ పక్కన అని ఇంకెవరో ఎత్తుకున్నారు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, వేళ్లతో మూతులు చూపించుకుని లెక్క చూసుకున్నారు.

మామయ్య పట్టు విడవలేదు. అప్పుడు భారతి పిన్ని అనకూడని మాట అనేసింది. "నువ్వు అమ్మ ముఖం ఎప్పుడు చూశావు అన్నయ్యా? వచ్చి కంచం ముందు కూర్చోవడమేగా నీకు తెలిసింది."

మామయ్య ముఖం పాలిపోయింది. అప్పటి వరకూ అది మచ్చ గురించిన గొడవ. ఆ మాటతో అమ్మ ఎవరికి ఎక్కువ గుర్తుంది అనే గొడవ అయిపోయింది. నాకు భయమేసింది. ఇదంతా నా పెన్సిలు తెచ్చిన తగాదా, రుజువు చూపించి నేనే తీర్చేస్తాననుకుని పక్క గదిలోకి పరిగెత్తాను. గోడ మీది పటం దించాను. మచ్చ ఉంది. హమ్మయ్య అనుకుని ముద్దుగా దాని మీద వేలు పెట్టాను.

మచ్చ నా గోటికి వచ్చేసింది.

అద్దం మీద ఎప్పుడో ఈగ వాలి పెట్టి వెళ్లిన చుక్క అది. కింద అమ్మమ్మ పెదవి నున్నగా, ఏ మచ్చా లేకుండా ఉంది. ఈగ ఒక్క క్షణంలో చేసిన పనికి నేను మూడు రోజులు ఆరు రంగులతో నకలు తీశాను. పైగా ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ నా గోటితోనే గీకేశాను.

ఈలోగా మామయ్య వచ్చి నా చేతుల్లోంచి పటం లాక్కున్నాడు. హాల్లోకి తీసుకెళ్లి అందరికీ చూపించాడు. "చూశారా, లేదు" అన్నాడు. అందరూ నా వైపు తిరిగారు. ఆయన తన ఫోను ఒక్కసారి తెరిచి చూసుకున్నా నా బండారం అక్కడే బయటపడేది. కానీ ఫోను నిండిపోతోందని, పంపిన ఫోటోను పంపినట్టే చెరిపేసే మనిషి ఆయన. నేను నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. అప్పుడు హారిక కనిపించింది. ఇంతసేపూ బొమ్మ పక్కనే నిలబడి, చెయ్యి కిందికి దించుకుని, అమ్మమ్మ పెదవినే చూస్తోంది ఆ పిల్ల. మామయ్య లేదనగానే చెయ్యి మెల్లగా మళ్లీ నోటి మీదికి పోయింది. తెరిచిన నోరు మూసేసుకున్నాను.

"నాన్నా, మీరే చెప్పండి. అమ్మకు మచ్చ ఉందా, లేదా?" అంది పిన్ని.

తాతయ్య అప్పటి వరకూ కుర్చీలోంచి కదల్లేదు. లేచి వచ్చి బొమ్మ ముందు నిలబడ్డారు. చాలాసేపు చూశారు. తర్వాత హారికను చూశారు.

"ఉండేది. బయటికెళ్లేటప్పుడు పౌడరు అద్దేది, ఫోటో దిగిన రోజూ అద్దింది. పౌడరు లేనప్పుడు చూసినోళ్లకు ఉంది, అద్దుకున్నాక చూసినోళ్లకు లేదు. ఇద్దరూ అబద్ధం చెప్పట్లేదు. ఇక ఆకులెయ్యండి" అన్నారు.

"అమ్మమ్మ కూడా పౌడరు రాసుకునేదా తాతయ్యా?" అని హారిక అడిగింది. రాసుకునేదమ్మా, ఎంత చెప్పినా వినేది కాదు అన్నారాయన. ఆ పిల్ల ఫక్కున నవ్వింది. చెయ్యి అడ్డం పెట్టుకోవడం మరిచిపోయింది.

మరి ఫోటోలో లేని మచ్చ నాకెలా తెలిసిందని మామయ్య అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. దానికి భారతి పిన్నే జవాబు చెప్పింది. "ఎలా తెలుస్తుందేంటి? అమ్మే ఆ పిల్ల చేత గీయించుకుంది" అని నా రెండు చేతులూ కళ్లకద్దుకుంది. కుడి చేతి గోరు కింద ఇంకా ఈగ మచ్చ ఉంది. నేను వేళ్లు ముడుచుకున్నాను.

భోజనాలయ్యాక అరుగు మీద తాతయ్య ఒక్కరే ఉన్నప్పుడు వెళ్లి ఒప్పుకున్నాను. ఏడుపు కూడా వచ్చింది. ఆయన నవ్వారు. ఆ చుక్కను ఆపరేషను అయిన దగ్గర్నుంచి చూస్తున్నానని, తుడవాలని రోజూ అనుకుంటూ మరిచిపోతున్నానని చెప్పారు. మరి ఉందని ఎందుకు చెప్పారని అడిగాను.

"ఆ పిల్ల రెండేళ్లుగా చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడుతోందమ్మాయ్. మీ అమ్మమ్మే ఉంటే కాటుకతో తనే పెట్టుకుని చూపించేది" అన్నారు.

అది అందరికీ బాగానే ఉంది, కానీ తన భార్య ముఖం తేటగా చూసుకోవాలని ఆశపడింది ఆయన. ఆయనకు నేనిచ్చింది ఈగతో సహా. చెరిపేద్దామంటే కుదరదు, నొక్కిన చోట గుంట పడింది. ఇంకొకటి గీసిస్తానన్నాను. వద్దన్నారు, రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి మళ్లీ పంచాయితీ పెడతారన్నారు. కళ్లు మాత్రం బాగా కుదిరాయని, కోపం వచ్చే ముందు ఆవిడ సరిగ్గా అలాగే చూసేదని అన్నారు.

తెనాలి వచ్చాక ఒక చిన్న కార్డు మీద అమ్మమ్మ కళ్లు మాత్రమే గీశాను. రెప్ప వెంట్రుకలు ఒక్కొక్కటీ గీశాను, ఎక్కడా నొక్కలేదు. తాతయ్య దాన్ని కళ్లజోడు పెట్టెలో పెట్టుకున్నారని తర్వాత తెలిసింది. నా జన్మకు నేను గీసిన మంచి బొమ్మ అదేనని ఇప్పటికీ అనుకుంటాను. హారికకు నిరుడు అసలు సంగతి చెప్పేశాను. ఇది కథగా రాసుకో అక్కా, నాకిప్పుడు పౌడరు అక్కర్లేదుగా అంది.

కానీ పాపం ఊరికే పోదు కదండీ. ఆ తద్దినం అయిన నెలకు చెరుకుపల్లి నుంచి ఫోను వచ్చింది. సుబ్బాయమ్మ అమ్మమ్మ చెల్లెలి కొడుకట. వాళ్లమ్మ బొమ్మ గీయించాలట. ఫోటో పంపించమన్నాను.

"ఫోటో ఉందిగానీ అందులో ముఖం సరిగా పళ్లేదమ్మా. అయినా నీకు ఫోటోతో పనేంటి, లేనియ్యి కూడా కనిపిస్తాయంట గదా" అన్నాడాయన. గొంతు తగ్గించి అన్నాడు, "మా అమ్మకూ అక్కడే మచ్చ ఉండేదమ్మా. నాకు బాగా గుర్తు. మర్చిపోకుండా పెట్టు."

పెట్టాను. ఆరు రంగులూ వేసి మరీ పెట్టాను.

అందుచేత పాఠకులారా, నా పెన్సిళ్ల మీద ఒట్టేసి అందరి ముందూ చెబుతున్నాను. ఇకపై ఎవరి ఫోటో చేతికొచ్చినా, ముందు తడిగుడ్డతో అద్దం తుడుస్తాను, తర్వాత పొడిగుడ్డతో తుడుస్తాను, ఆ తర్వాతే మొన చెక్కుతాను. అప్పటికీ ఏదైనా మచ్చ మిగిలితే, దాని గురించి ఇంట్లో అందరికంటే పెద్దవాళ్లు ఏం చెబితే అదే నిజమని ఒప్పుకుంటాను.