స్పీడు వల్ల పోలేదు మా కిషోర్

నిన్న పొద్దున ఇబ్రహీంపట్నంలో టిఫిన్ చేస్తుంటే రవి ఫోన్ చేశాడు. వాడు ఫోన్ చేస్తే ముందు ఒక తిట్టు ఉంటుంది, తర్వాతే విషయం.

నిన్న తిట్టలేదు.

"గన్నవరం దగ్గర లారీ గుద్దేసిందిరా... మన కిషోర్ లేడురా" అన్నాడు.

చేతిలో ఇడ్లీ ముక్క అలాగే ఉండిపోయింది. హోటల్ ఆయన "ఏమైందండీ, నీళ్ళు తాగండి" అంటున్నాడు.

ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు. ఇవాళ మధ్యాహ్నం మా చేతుల మీదుగా సాగనంపి వచ్చాం, అయినా నమ్మబుద్ధి కావడం లేదు.

ఏడుస్తూ కూర్చుందామనుకున్నాను. మన బైక్ గ్రూపు తెరిచి చూశాక కూర్చోలేకపోయాను. అందుకే ఈ పోస్ట్.

ఆ కొత్త బండి రిలీజైన రోజు కిషోర్ పెట్టిన ఫోటో మీకు గుర్తుండే ఉంటుంది. తొడుగులేవీ లేకుండా ఇంజన్ మొత్తం బయటికి కనిపించే బండి. మరీ పెద్దదీ కాదు, చిన్నదీ కాదు. ఇలాంటిది మన ఊరికి వస్తుందని వాడు ఎన్నేళ్ళుగా ఎదురుచూశాడో పటమటలో టీ కొట్టువాడినడిగినా చెబుతాడు.

ఆ ఫోటో కింద మనం కొట్టుకున్న కొట్లాట అంతా ఇంతా కాదు. ట్యాంక్ బాగుందని ఒకడు. సైలెన్సర్ పొయ్యి గొట్టంలా ఉందని ఇంకొకడు. "చొక్కా విప్పుకుని తిరిగే బండి, మా ఆవిడ వెనక ఎక్కదు" అని రాసింది నేనే. కిషోర్ ఒక్కడే అందరికీ ఓపిగ్గా జవాబులు రాశాడు. సొంత కూతురికి సంబంధం చూస్తున్నవాడిలా.

బందరు రోడ్డు షోరూమ్‌కి బండి రాగానే గుంపుగా వెళ్ళాం. సేల్స్ ఆయన మమ్మల్ని మెప్పిద్దామని స్టార్ట్ చేసి ఒక్కసారిగా రేజ్ చేశాడు. మేమంతా ఈలలు వేశాం.

కిషోర్ మాత్రం పరిగెత్తుకెళ్ళి తాళం తిప్పేశాడు.

"చల్లటి ఇంజన్‌ని అలా ఏడిపిస్తారేంటండీ? పసిపిల్ల కదండీ అది!" అన్నాడు. షోరూమంతా నవ్వింది. వాడు నవ్వలేదు.

అలాంటివాడు ఆ బండే కొనుక్కున్నాక ఎలా నడుపుతాడు?

మన గ్రూపులో పద్ధతి అందరికీ తెలుసు. కొత్త బండికి మొదటి వెయ్యి కిలోమీటర్లు యాభై దాటకూడదు. ఇంజన్ లోపలి భాగాలు ఒకదానికొకటి అలవాటు పడాలి. మనలో చాలామంది పైకి అవునంటాం, బెంజ్ సర్కిల్ దాటగానే మర్చిపోతాం. కిషోర్ మర్చిపోలేదు. సిటీలో ఆగుతూ సాగుతూ నడిపితే ఇంజన్ సరిగ్గా కుదురుకోదని, రోజూ పొద్దున్నే హైవే ఎక్కి హనుమాన్ జంక్షన్ దాకా వెళ్ళి వచ్చేవాడు. యాభైలో. సిటీ బస్సులు కూడా హారన్ కొట్టి దాటిపోయేవి.

నిన్న కూడా అంతే. రవి తన బండి మీద కొంచెం వెనకగా ఉన్నాడు. కళ్ళారా చూశాడు. కిషోర్ ఎడమ పక్కనే, యాభైలోనే ఉన్నాడు. వెనక నుంచి వచ్చిన లారీ డ్రైవరు, ఆ బండి అంత నెమ్మదిగా పోతుందని అనుకోలేదట.

అంతే. ఇంకేం లేదు.

వెయ్యి నిండటానికి కొంచెమే మిగిలింది. ఆదివారం కరకట్ట మీదుగా అవనిగడ్డ వెళ్దామన్నాడు, అప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పుతానన్నాడు. ఆ ఇంజన్ అసలు గొంతు ఎలా ఉంటుందో వాడు ఒక్కసారి కూడా వినలేదు.

ఇప్పుడు అదే ఫోటో కింద ఏం రాస్తున్నారు? "ఇంకో రాష్ రైడర్." "కుర్రాళ్ళకి పవర్ ఇస్తే ఇంతే." "స్పీడ్ కిల్స్."

చేతులెలా వచ్చాయయ్యా మీకు?

దండం పెడతాను, అవన్నీ తీసేయండి. కిషోర్ వాళ్ళ చెల్లెలు ఈ గ్రూపు చూస్తుంది.

కైకలూరు దగ్గర వాళ్ళ ఊళ్ళో కూడా ఇదే మాట. చేపల మార్కెట్ వాళ్ళు, చుట్టాలు, వచ్చినవాళ్ళందరూ "స్పీడండీ, ఈ కాలం పిల్లలు వింటారా" అంటున్నారు. వాళ్ళ నాన్నగారు చేపల వ్యాపారం చేస్తారు, మార్కెట్‌లో ఆయన గొంతు లేస్తే అందరూ ఆగి వినాల్సిందే. ఆ మనిషి తల వంచుకుని కూర్చున్నారు. కొడుకు పోయిన బాధ చాలదన్నట్టు ఈ సిగ్గు కూడానా?

వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"బాబాయ్, వాళ్ళ మాటలు నమ్మకండి. మనవాడు యాభై దాటలేదు. రవి చూశాడు" అన్నాను.

ఆయన తలెత్తి చూశారు.

"నిజంగానా బాబూ?"

"మీ మీద ఒట్టు బాబాయ్."

ఆయన నా చెయ్యి పట్టుకున్నారు.

"బండి కొన్నకాడి నుంచీ రోజూ ఫోన్ చేసి చెప్పేవోణ్ణి, నెమ్మదిగా ఎళ్ళు నాన్నా అని. సరే నాన్నా, సరే నాన్నా అనేవోడు. ఇంటన్నాడో లేదో అనుకునేవోణ్ణి" అన్నారు.

"ఇన్నాడన్నమాట" అన్నారు మళ్ళీ ఆయనే.

ఇంకాసేపటికి, చాలా చిన్న గొంతుతో అడిగారు.

"ఇనకుండా ఉంటే బతికేవోడా బాబూ?"

మీ మాట విని కాదు బాబాయ్, ఇంజన్ కోసం నెమ్మదిగా వెళ్ళాడు అని చెప్పొచ్చు. చెబితే ఆయన మీదున్న బరువు దిగిపోతుంది. కానీ కొడుకు తన మాట విన్నాడన్న ఆ ఒక్కటీ పోతుంది. ఆయనకి ఇక మిగిలింది అదే.

చెప్పలేదు. ఆ చెయ్యి అలాగే పట్టుకుని కూర్చున్నాను. మీరూ ఆయనకి చెప్పకండి.

వెళ్ళిరా కిషోర్. నీ మనసుకి శాంతి దొరకాలి. మీ నాన్నగారికి కూడా.