మా ఇంటి కంప్యూటర్‌కు తెలుగు వచ్చిన ఆదివారం

మా అత్తయ్య మధ్యాహ్నం భోజనం అయ్యాక కంప్యూటర్‌లో చీట్లాట ఆడుతుంది. చీట్లాట అంటే పేకాటే. పుదుచ్చేరిలో పుట్టి పెరిగిన తెలుగువాళ్లు అలాగే అంటారు. ఒక్కరే కూర్చుని ఎరుపు మీద నలుపు, నలుపు మీద ఎరుపు పేర్చుకుంటూ పోయే ఆట. ఎదురుగా మనిషి ఉండడు, పందెం ఉండదు కాబట్టి మావయ్యకు కూడా అభ్యంతరం లేదు. చిక్కల్లా ఆ కంప్యూటర్‌తోనే. అది మా ఆయన కాలేజీ రోజుల్లో కొన్నది. అత్తయ్య బటన్ నొక్కి వెళ్లి గిన్నెలు కడిగేది, వంటగట్టు తుడిచేది, మాత్రలు వేసుకునేది. వచ్చి చూస్తే తెర మీద చుక్కలు ఇంకా గుండ్రంగా తిరుగుతూనే ఉండేవి. తీరా ఆట తెరుచుకునే వేళకు ఆమెకు నిద్ర ముంచుకొచ్చేది.

"అది లేచే లోపల నేను పండుకుంటా ఉండాను పాపా" అని ఒకరోజు నాతో అంది. ఫిర్యాదులా కాదు, రెండూ ముసలివి అయిపోయాయన్నట్టు అంది. నాకెందుకో ఆ మాట మనసులో నిలిచిపోయింది.

నాది యానాం. ఉద్యోగం పేరుతో పుదుచ్చేరి వచ్చి, ఇక్కడే పెళ్లి చేసుకుని, సారం అనే పేటలో ఉన్న ఈ ఇంటికి కోడలినయ్యాను. వీళ్లు ఎన్ని తరాల కిందట ఇక్కడికి వచ్చారో వీళ్లకే తెలియదు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, చదివేదీ రాసేదీ తమిళం. తెలుగు అక్షరాలు ఇంట్లో నాకొక్కదానికే వచ్చు. పెళ్లయిన కొత్తలో నేను మాట్లాడుతుంటే అత్తయ్య శ్రద్ధగా విని, సినిమాలో మాదిరి మాట్లాడుతోందని పక్కింట్లో చెప్పుకుంది. ఆమె మాటల్లో సగం నాకు అందేవి కావు. ఇద్దరం ఒకరినొకరు నొప్పించకుండా, కొంచెం దూరంగా, చక్కగా ఉండేవాళ్లం.

కంప్యూటర్ సంగతి మా ఆయనకు చెబితే ఆదివారం చూద్దామన్నాడు. ఆదివారం వస్తే తట్టాంచావడిలో వాళ్ల ఫ్యాక్టరీకి షిఫ్టు పడేది, లేదా నిద్ర పడేది. పాతది పారేసి కొత్తది కొందామనేవాడు, అదీ కొనేవాడు కాదు. నేను వీడియోలు చూడటం మొదలుపెట్టాను. కంప్యూటర్‌లో మిగతావన్నీ బాగానే ఉన్నాయని, పాత హార్డ్ డిస్క్ నెమ్మదిగా తిరగడమే జబ్బని, పక్కన కొత్త తరహా డిస్క్ ఒకటి పెట్టి అందులో ఆపరేటింగ్ సిస్టం మళ్లీ వేస్తే లేడిపిల్లలా పరిగెడుతుందని వాళ్లంతా చెప్పారు. ఆఫీసులో నా పక్క సీటు ఆవిడ ల్యాప్‌టాప్‌లో, ఉచితంగా దొరికే ఒక ఆపరేటింగ్ సిస్టంను పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నాను. ఆ శనివారం సాయంత్రం ఇంటికి వస్తూ దారిలో ఆ కొత్త తరహా డిస్క్, ఎస్‌ఎస్‌డి, కొన్నాను. అది చూసి అత్తయ్య నమ్మలేదు. అరచేతిలో ఇమిడిపోయేంతే, పట్టుకుంటే బరువే లేదు. ఇంత పెద్ద కంప్యూటర్‌ను ఇది లేపుతుందా అని తిప్పి తిప్పి చూసింది.

ఆదివారం పొద్దున మా ఆయన షిఫ్టుకు వెళ్లిన వెంటనే పని మొదలుపెట్టాం. "మేం" అనే అనాలి, ఎందుకంటే నేను సీపీయూ డబ్బాను హాల్లోకి మోసుకొచ్చి చాప మీద పడుకోబెట్టేసరికి అత్తయ్య కుట్టుమిషన్ స్క్రూడ్రైవర్ పట్టుకుని ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది. పక్క తలుపు తీస్తే లోపల దుమ్ము పరుపులా పేరుకుని ఉంది. ఆమెకు కంప్యూటర్ అంటే ఏ భయమైనా ఉండి ఉంటే, ఆ దుమ్ము చూడగానే పోయింది. ఇల్లు ఊడ్చుకోని మనిషిని చూసినట్టు దాన్ని చూసి, మెత్తటి బ్రష్ తెచ్చి ఫ్యాను రెక్క రెక్కా దులిపింది.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. కొత్త డిస్క్‌ను బోర్డుకు కలపడానికి ఒక కేబుల్ కావాలి. డిస్క్‌తో పాటు అది రాలేదు, కొనాలని నాకు తట్టలేదు. ఆదివారం కొట్టు తెరవరు. నేను నీరుగారిపోయి కూర్చున్నాను. అత్తయ్య మెడ వంచి లోపలంతా చూస్తూ, సీడీ పెట్టే అరకు వెనకాల ఉన్నది అలాంటి తీగే కదా అంది. సీడీ పెట్టి ఎన్నేళ్లయిందో మాకే గుర్తు లేదు. ఆ తీగ పీకి కొత్త డిస్క్‌కు గుచ్చితే టక్కున సరిపోయింది. నేను ఆనందం పట్టలేక ఆమె చెయ్యి పట్టుకుని ఊపేశాను. మేమిద్దరం ఒకరినొకరు ముట్టుకోవడం, నలతగా ఉన్నప్పుడు నుదుటి మీద చెయ్యి పెట్టి చూడటం తప్పిస్తే, అదే మొదలనుకుంటాను.

పాత డిస్క్‌లో ఫోటోలన్నీ ఉన్నాయి. పొరపాటున దాన్ని చెరిపేస్తానేమోనని, పని అయ్యేదాకా దాని తీగ ఊడదీసి పెట్టాను. ఇక కొత్తదాన్ని బిగించడానికి చూస్తే, డబ్బాలో ఉన్న అర పెద్దది, ఇది చిన్నది, స్క్రూ పట్టదు. అత్తయ్య లేచి వెళ్లి పూలు కట్టే దారం తెచ్చింది. మల్లెమొగ్గలను వరసగా ముడి వేసుకుంటూ పోయే ఆ వేళ్లతోనే డిస్క్‌ను అరకు అటూ ఇటూ చుట్టి కట్టేసింది. నేను లాగి చూశాను. కదల్లేదు.

ఇంతసేపూ మావయ్య తమిళ పేపరు వెనక ఉన్నారు. ఆయన కరెంటు డిపార్ట్‌మెంట్‌లో పనిచేసి రిటైరయ్యారు. నేను ప్లగ్గు పెట్టబోతుండగా పేపరు మడిచి, లేచి, వెళ్లి మెయిన్ స్విచ్ కింద నిలబడ్డారు. చెయ్యి స్విచ్ మీద పెట్టి, ఇప్పుడు వెయ్యమన్నారు. ఏమీ పేలలేదు. అయినా ఆయన అక్కణ్నుంచి చాలాసేపు కదల్లేదు.

తెర మాత్రం నల్లగా వచ్చింది. ఇంగ్లీషులో ఒక్క వాక్యం, లేవడానికి ఏ డిస్కూ కనిపించడం లేదని. పెన్ డ్రైవ్ నుంచి మొదలవ్వమని చెప్పాలంటే, ఆన్ అయిన క్షణంలోనే కీబోర్డు పై వరసలో ఒక బటన్ నొక్కాలి, ఆలస్యమైతే అది వినదు. నేను ఇటు పవర్ నొక్కి అటు చెయ్యి తెచ్చేలోగా దాటిపోతోంది. దాంతో పవర్ నేను, ఆ బటన్ అత్తయ్య అని పంచుకున్నాం. ఆమె వేలితో చీమలు చంపుతున్నట్టు టకటకా నొక్కింది. మొదటిసారి నేను నవ్వడంతో పాడైంది. రెండోసారి ఆమె నవ్వింది. ఆ తర్వాత ఇద్దరం ముఖాలు పక్కకు తిప్పుకుని చేస్తే దారికొచ్చింది. తెర తెల్లగా విచ్చుకుని, ముందు భాష ఎంచుకోమంది.

ప్రపంచంలోని భాషలన్నీ వాటి వాటి అక్షరాల్లో ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. నేను మామూలుగా ఇంగ్లీషు మీదికి పోతున్నాను. మావయ్య స్విచ్ దగ్గర నుంచే ఫ్రెంచి గుర్తుపట్టి చూపించారు. అత్తయ్య తమిళాన్ని చూసి ఆగమంది.

"అరవం ఉండాది సరి. మనది యాడ?"

కిందికి జరిపి చూపించాను. నాలుగంగుళాల దూరం నుంచి చూసింది.

"ఇదేనా మన తెలుగు? తిరుపతి బస్సు మీద ఉంటాదే, అదే కదా. కమ్మలు మాదిరి గుండ్రంగా ఉండాది" అంది. వేలితో తెర మీద ఆ చోటు చూపించి, "అదే పెట్టు పాపా. మనల్ని అడిగింది కదా, మన మాటే చెబుదాం" అంది.

మీరు చదవలేరు కదా అత్తయ్యా అన్నాను. నువ్వు చదువు, నేను వింటాను అంది. అప్పటికే నవ్వీ నవ్వీ మత్తెక్కినట్టుంది నాకు. తెలుగే నొక్కేశాను.

ఆ తర్వాత జరిగింది తలచుకుంటే ఇప్పటికీ పొట్ట పట్టుకుంటాను. ఆ తెలుగు ఎవరు రాశారో గానీ పుస్తకం తెలుగు. మధ్యమధ్యలో తెలుగు దొరకని చోట ఇంగ్లీషు. ఇది మన ఇంటి మాదిరే ఉంది అంది అత్తయ్య. నేను ఒక్కొక్కటే చదువుతున్నాను, ఆమె అర్థం అడుగుతోంది. 'నిష్క్రమించు' అని ఉంటే, బయటికి పొమ్మంటోందని చెప్పాను. మన ఇంట్లో కూర్చుని మనల్నే పొమ్మంటుందా అంది. 'స్థాపించు' అని వచ్చింది. దేవుణ్ని స్థాపించినట్టు అని చెప్పానో లేదో, ఆమె లేచి వెళ్లి కుంకుమ తెచ్చి డబ్బా నుదుట బొట్టు పెట్టింది. మీరు ఇప్పుడు నొక్కండి అంటే, కళ్లు మూసుకుని దండం పెట్టి నొక్కింది.

అది తన పని తాను చేసుకుంటూ, మీరు ఎక్కడ ఉన్నారని భూగోళం పటం చూపించింది. నేను పుదుచ్చేరి ఉండే చోట, సముద్రం ఒడ్డున నొక్కాను. కింద కోల్‌కతా అని పడింది. కాస్త పక్కకు జరిపి నొక్కాను. మళ్లీ కోల్‌కతా. దేశంలో ఎక్కడ నొక్కినా అదే. గడియారం కోసం దేశమంతటికీ ఆ ఒక్క ఊరే రాసుకుందని నాకు తెలుసు, కానీ మావయ్యకు నచ్చలేదు. స్విచ్ వదిలి మొదటిసారి తెర దగ్గరికి వచ్చారు.

"మనం యాడ కల్కత్తాలో ఉండాము? సారం అని పెట్టు" అన్నారు గట్టిగా, గుమస్తాతో మాట్లాడినట్టు.

నేను చాప మీద పడి నవ్వాను. అత్తయ్య కొంగు నోట్లో కుక్కుకుంది. ఆయన అవమానం పడ్డట్టు ముఖం పెట్టి, చివరికి తానే నవ్వేసి, సరే కల్కత్తా నుంచే అన్నం పెట్టండి అన్నారు. అప్పటికి ఎవరూ వంట సంగతే తలవలేదు. పొద్దుటి ఇడ్లీలు ముగ్గురం మధ్యాహ్నం మళ్లీ తిన్నాం.

సంకేతపదం పెట్టమన్నప్పుడు, అంటే పాస్‌వర్డ్, అత్తయ్య నా చెవిలో చెప్పింది. మావయ్య అడిగితే చెప్పలేదు. కంప్యూటర్ ఆపి, పాత డిస్క్ తీగ మళ్లీ తగిలించి, ఆన్ చేశాం. అత్తయ్య అలవాటు కొద్దీ వంటింటి వైపు రెండడుగులు వేసింది. వెనక నుంచి పిలిచాను. అప్పటికే లేచి కూర్చుంది కంప్యూటర్. ఆమె కళ్లజోడు ఇంకా పెట్టుకోనేలేదు. పాత ఫోటోలు తెరిచి చూశాం, అన్నీ భద్రం. ఆ ఆపరేటింగ్ సిస్టంలో చీట్లాట కూడా ముందే ఉంది. ఆమె ఆ మధ్యాహ్నం నిద్రపోలేదు. వరసగా ఓడిపోతూ, ఓడిన ప్రతిసారీ ఆనందంగా మళ్లీ పంచుకుంటూ సాయంత్రం దాకా ఆడింది.

మా ఆయన వచ్చి స్నానం చేసి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఉదయం మేం చేసిన ఘనకార్యం ఎవరమూ చెప్పలేదు. ముగ్గురం హాల్లోనే ఏదో పని ఉన్నట్టు తచ్చాడుతున్నాం. చుక్కలు తిరగకుండానే తెర వెలగడం చూసి ఉలిక్కిపడ్డాడు. తర్వాత తెర దగ్గరికి వంగాడు.

"అమ్మా, ఇది ఏందో అడుగుతా ఉండాది."

"అడిగితే చెప్పు" అంది అత్తయ్య, కూర తరుగుతూ.

"ఏం అడుగుతా ఉండాదో తెలిస్తే కదా చెప్పేది."

"తెలుగులోనే కదా అడుగుతా ఉండాది. తెలుగోడివి కదా నువ్వు."

అతను నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను. మావయ్య గడియారంలో టైము చూసి, కల్కత్తాలో చీకటి పడి ఉంటుందన్నారు. అంతే, ఎవరం ఆపుకోలేకపోయాం. జరిగిందంతా ముగ్గురం ఒకేసారి చెప్పడంతో మా ఆయనకు సగమే తెలిసింది. డబ్బా తెరిచి పూలదారం చూసి, వేలితో లాగి చూశాడు. పక్కింటివాళ్లు ఏమైందని కిటికీలోంచి అడిగారు.

మరుసటి వారం అతను తన పేరుతో ఇంగ్లీషులో వేరే ఖాతా పెట్టుకున్నాడు. అత్తయ్యది తెలుగులోనే ఉంది, మార్చనివ్వలేదు. ఆట మధ్యలో తెర మీద ఏదైనా ప్రశ్న పెట్టె తెరుచుకుంటే నన్ను పిలిచేది. తర్వాత్తర్వాత పిలవడం మానేసింది. చదవడం వచ్చి కాదు, ఆకారాలు గుర్తుండిపోయి. మొట్టమొదట గుర్తుపట్టింది 'సరే' అనే మాటను. రెండే అక్షరాలు, అదీ ఎప్పుడూ కనిపించేది. దాన్ని కాగితం మీద పెద్దగా రాసివ్వమంది. ఇచ్చాను, మరచిపోయాను.

ఒకరోజు ఆఫీసుకు బయల్దేరుతూ గడప దాటబోయి ఆగిపోయాను. వాకిట్లో ముగ్గు పక్కన, అదే పిండితో, అదే తిరుగుడు గీతతో 'సరే' అని ఉంది. 'రే' కాస్త లావుగా వచ్చింది గానీ తప్పు లేదు. వీధిలో వెళ్లేవాళ్లకు అది ముగ్గులో భాగమే. పాలు పోసే ఆయన మాత్రం సైకిల్ ఆపి, ఇదేం డిజైన్ అని మావయ్యను తమిళంలో అడిగాడు.

మావయ్యకు ఆ అక్షరాలు రావు. అయినా వసారాలో కుర్చీలో నిటారుగా కూర్చుని, అదా, అది మా భాష, ఓకే అని రాసింది అని చెప్పారు.