నలభైలో ముప్పై ఐదు తరుగు

మా నాయన ముందు తరుగు అనే మాట ఎత్తితే చాలు, ఒంటికాలి మీద లేస్తాడు. లేవడానికి కారణం ఉంది. పచ్చి పట్టును సబ్బు నీళ్ళలో ఉడికిస్తే జిగురు పోయి పావు వంతు దాకా బరువు తగ్గుతుంది. దాన్నే మా ధర్మవరంలో తరుగు అంటాం. నా చిన్నప్పుడు ఒక సావుకారు, పట్టు దాచుకుని తరుగు లెక్క చెప్తున్నాడని మా నాయనను నలుగురి ముందు దొంగ అన్నాడు. అప్పటి నుంచి మా ఇంట్లో సొంత త్రాసు ఉంది. ఉప్పు ప్యాకెట్టు కూడా దాని మీద కూర్చోకుండా వంటింట్లోకి పోదు.

అట్లాంటి మనిషి ఉన్న ఇంట్లోకి నేను ఇంటర్నెట్ తెచ్చాను. కొరివితో తల గోక్కోవడం అంటే ఇదే.

నా పని చీరల అంచులకు కంప్యూటర్‌లో డిజైన్లు గీయడం. హిందూపురంలో ఒక చీరల అంగడివాళ్ళు నాకు పని ఇస్తామన్నారు, కానీ ఫైళ్ళన్నీ నెట్‌లోనే పంపాలన్నారు. మాది బండల మిద్దె. ఫోన్ సిగ్నల్ కావాలంటే పెరట్లో కొళాయి దగ్గర నిలబడాలి. కొళాయి కింద కంప్యూటర్ పెట్టుకోలేను కదా! వీధిలో కొన్ని ఇళ్ళు కలిస్తేనే లైను లాగుతామన్నారు నెట్ కంపెనీవాళ్ళు. గడప గడపా తిరిగి, సీరియళ్ళు చూసుకోవచ్చని ఆశ పెట్టి, అందరినీ ఒప్పించాను.

వైరు బిగించినాయన “నలభై ఎంబీపీఎస్ వస్తుందక్కా” అని చెప్పి వెళ్ళాడు. నేను మొదటి ఫైలు దింపుకుంటుంటే మా నాయన మగ్గం గుంటలోంచి లేచి వచ్చి నా వెనక నిలబడ్డాడు.

“నలభై అన్యాడు గదా. ఈడ ఐదే పడుతాండాదే?”

“సరిగ్గానే ఉండాది నాయనా. వాళ్ళు బిట్లలో చెప్తారు, ఇది బైట్లలో చూపిస్తాది. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. నలభైని ఎనిమిదితో భాగిస్తే ఐదు.”

“ఎందుకు భాగించాల?”

“అది అంతే నాయనా.”

ఆ మాటతో కొంప మునిగింది. ఎట్లా దొంగనంటావని నాయన అడిగితే, ఆ రోజు సావుకారు కూడా “అది అంతే” అన్నాడట.

“ముప్పై ఐదు యాడికి పోయినాయి మ్మా? పావు వంతు తరుగంటే ఒప్పుకుంటా. ఎనిమిదిట్లో ఏడు పోతాయా? దొంగోడు గూడా ఇంతకంటే ఎక్కువ వదిలిపెట్టి పోతాడు!”

సాయంత్రానికి వీధంతా పాకింది. ఎవరి ఫోన్‌లో వాళ్ళు చూసుకున్నారు, అందరికీ ఐదే. మధ్యాహ్నం దాకా ఆ ఐదుతోనే హాయిగా సీరియళ్ళు చూసిన అత్తలు, ఇప్పుడు బొమ్మ నత్తలాగా కదులుతోందని దుమ్మెత్తి పోశారు. మా అమ్మ తమ్ముడు, అంటే మా మామ, అసలు సంగతి కనిపెట్టేశాడు. “వైరు హిందూపురం నుంచి పెనుకొండ మీదుగా వస్తాండాది బావా. మధ్యలో పెనుకొండలోనే కారిపోతాండాది!” ముప్పై ఐదు సంగతి తేలకపోతే వీధి వీధంతా కనెక్షన్ పీకించేయాలని తీర్మానం అయింది. అందరూ పీకిస్తే నా ఒక్కదాని కోసం లైను ఉంచరు. లైను పోతే హిందూపురం పని కూడా పోతుంది. నాకు ఏడుపొచ్చింది. అంతకంటే ఎక్కువగా ఒళ్ళు మండింది.

మరుసటి రోజు నాయన, మామ, నేను హిందూపురంలో నెట్ కంపెనీ ఆఫీసుకని బస్సెక్కాం. నాయన చంకలో సంచీ, సంచీలో త్రాసు. మామ దారి పొడుగునా కిటికీలోంచి తల బయటపెట్టి వైరును కాపలా కాశాడు. పెనుకొండ స్టాండులో దిగీ దిగగానే కేక పెట్టాడు.

“బావా! సూడు, సూడు! ఈడ చుట్టి పెట్టినారు!”

స్తంభానికి నల్ల వైరు చుట్ట ఒకటి వేలాడుతోంది. తెగితే అతకడానికి అదనంగా ఉంచుతారని ఎంత చెప్పినా ఎవరు వింటారు? నాయన దాన్ని కిందనుంచే మూరలు లెక్కపెట్టాడు. అచ్చం పట్టు లడి చుట్టినట్టే చుట్టారన్నాడు. ఇంతలో గొర్రెలు తోలుకుని పోతున్న ఒకాయన ఆగాడు.

“ఏమప్పా, ఏం ఎతుకుతాండారు?”

“ముప్పై ఐదు పోయినాయప్పా” అన్నాడు మా మామ.

“అయ్యో! అన్నీ ఒకేసారా? పొద్దున్నే సోమందేపల్లి తట్టు ఒక మంద పోతాండె. పొట్టేళ్ళు గూడా ఉండాయా?”

మామ ఆలోచనలో పడ్డాడు. నేను చేయి పట్టుకుని లాక్కురాకపోయి ఉంటే గొర్రెల వెంట పోయేవాడే.

హిందూపురం ఆఫీసులో బల్ల వెనక ఉన్నాయన మర్యాదస్తుడు. సంగతంతా విని, “దుడ్లు వాపసు కావాల్నా సార్?” అన్నాడు.

“దుడ్లు ఎవురికి కావాలప్పా? తరుగు చూపించు” అని నాయన త్రాసు తీసి బల్ల మీద పెట్టాడు. “నువ్వు పంపిచ్చేది ఈ తట్టలో, మాకు వచ్చేది ఆ తట్టలో. తూకం ఎయ్యి.”

ఆయన త్రాసును చూశాడు. నన్ను చూశాడు. “అది కన్వర్షన్ మేడమ్...” అని నసిగాడు. ఆ మాట నాకు ముందే తెలుసు, దాంతోనే కదా ఇంత దూరం వచ్చాం! నాకు రేగిపోయింది. నాయన చొక్కా మీద ఎప్పుడూ అంటుకుని ఉండే పట్టు దారం ఒకటి పీకి ఆయన కళ్ళ ముందు పెట్టాను.

“ఇది ఎన్ని నాయనా?”

“ఒకటి.”

పురి విప్పాను. పోగులు విడిపోయాయి. “ఇప్పుడు?”

“మూడు.”

“బరువు పెరిగిందా?”

“యాడ పెరుగుతాది?”

“వాళ్ళు పోగులు లెక్కపెట్టి చెప్తాండారు. నా కంప్యూటర్ దారాలు లెక్కపెడతాంది. ఉండేది ఒకటే పట్టు. తరుగు లేనే లేదు నాయనా, ఎవురూ ఏమీ తీసుకోలేదు!”

“ఎనిమిది అంటివే, దీంట్లో మూడే ఉండాయి గదా” అన్నాడు మామ.

“నువ్వు నోరు మూస్కోరా” అన్నాడు నాయన. విడిపోయిన పోగులను వేళ్ళ మధ్య మళ్ళీ పురి పెట్టాడు, మళ్ళీ విప్పాడు. తర్వాత త్రాసు మెల్లగా సంచీలో పెట్టుకుని, బల్ల వెనకాయనకు చేతులు జోడించాడు.

“మా వీధిలో నిన్ను దొంగ అన్యానప్పా. అనకూడని మాట అది. తప్పాయ.”

ఆయన కంగారుపడి లేచి నిలబడ్డాడు.

తిరుగు బస్సులో నా భయం వేరు. నాయనకైతే అర్థమైంది, వీధికి ఎవరు చెప్పాలి? పక్కనే కూర్చున్న మామకే ఎక్కలేదు. తరుగు లేదని చెప్తే, కంపెనీవాళ్ళు నాయనకు ఏదో ముట్టజెప్పారంటారు. కనెక్షన్లు పీకించడం ఖాయం. నాయన కిటికీలోంచి ఆ వైరునే చూస్తూ కూర్చున్నాడు.

వీధి మొగదలలోనే అందరూ నిలబడి ఉన్నారు.

“ఏమప్పా, దొరికినాయా?”

నాయన ఒకసారి నా వైపు చూశాడు. సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

“దొరికినాయి. పెనుకొండలో చుట్టి పెట్టినారు. ఇడిపించుకోని వచ్చినా.”

మామ నోరు తెరిచాడు. నాయన ఆయన కాలు తొక్కాడు.

తెల్లారేసరికి వీధంతా పండగ. “ఇప్పుడు సూడు, రయ్యిమని వస్తాండాది!” అని ఒకత్త. సీరియల్‌లో వాళ్ళ మొహాలు కూడా తెల్లగా కనిపిస్తున్నాయని ఇంకొకత్త. నా కంప్యూటర్‌లో ఎప్పట్లాగే ఐదు. నేను హిందూపురానికి మొదటి డిజైన్ పంపించి, మగ్గం దగ్గరికి వెళ్ళాను. నాయన అడ్డ దారం చుట్టిన నాడెను ఆడిస్తున్నాడు.

“అంత అబద్ధం ఎట్ల చెప్పినావు నాయనా?”

నాడె ఇటు నుంచి అటు పోయింది, అటు నుంచి ఇటు వచ్చింది.

“ఇన్నేండ్లకి నా మాటలో రవ్వంత తరుగు పోయింది” అన్నాడు. “పోనీలే మ్మా.”